అబుల్ ఫజల్ - అశ్వశాలలోని దాణా లెక్క

అక్బరు ఆస్థాన చరిత్రకారుడైన అబుల్ ఫజల్ అల్లామీని ఎఱుగని చరిత్ర విద్యార్థి ఉండడు. కాని అతని ‘ఐనె అక్బరీ’ని భూమిశిస్తు లెక్కలకై చదివినంతగా అందలి అశ్వశాలా ప్రకరణములను మనవారు చదివినట్లు కనబడదు. ఆ మహామాత్యుని బుద్ధి పనిచేసిన తీరు అచ్చటనే తేటపడునని నా అభిప్రాయము.

అతడు క్రీ.శ. 1551లో ఆగ్రాలో జన్మించినాడు. తండ్రి షేక్ ముబారక్ విద్వాంసుడు, అన్న ఫైజీ కవి. ముబారక్ స్వతంత్ర భావములు కలవాడగుటచే ఆస్థాన ఉలేమాలకు కంటగింపైనాడు. ఆ కుటుంబము కొంతకాలము ఇల్లు విడిచి తలదాచుకొనుచు తిరుగవలసి వచ్చినది. 1574లో అక్బరు దర్శనము లభించిన పిదప దశ తిరిగినది. మహాభారతమునకు పారసీకానువాదమైన ‘రజ్మ్‌నామా’కు 1587లో పీఠిక వ్రాసినది ఇతడే. సంస్కృతాభిమానులకు ఇతడు పరాయివాడు కాడు.

ఐనె అక్బరీ రచనాకాలమునకు చక్రవర్తి అశ్వశాలలలో 12,000 గుఱ్ఱములున్నవి. ఖాసా గుఱ్ఱమునకు, అనగా చక్రవర్తి స్వంతమునకు కేటాయించిన దానికి, తొలుత దినమునకు 8 సేర్ల దాణా; తరువాత 7½ సేర్లు. పైపైన చూచువారికి మేత తగ్గించినట్లు తోచును. అది పొరపాటు. 8 సేర్లు విధించిన నాడు సేరు తూకము 28 దాములు. దాము రాగి నాణెము, తూకపు రాయి కూడ. తరువాత సేరును 30 దాములుగా స్థిరపఱచినారు. 28ని 8చే గుణింప 224. 30ని 7½చే గుణింప 225. గుఱ్ఱమునకు ఒక దాము ఎత్తు పెరిగినదే కాని తగ్గలేదు. దాము సుమారు 21 గ్రాములు కనుక ఇది ఇంచుమించు 4.7 కిలోలు. సేరు మార్చి సంఖ్యను మార్చకున్నచో గుఱ్ఱమునకు అర సేరు అదనముగా లెక్కకెక్కెడిది. 12,000 గుఱ్ఱములకు ఇదే చొప్పున చూచినచో దినమునకు 6,000 సేర్లు, అనగా 150 మణుగులు! అది గుఱ్ఱముల కడుపులోనికే పోయెడిదని ఎవరు చెప్పగలరు?

ఈ తూకములోనే 2 సేర్ల పిండి, 1½ సేర్ల చక్కెర చేరియున్నవి. తెలుగునాట గుఱ్ఱపు దాణా అనగానే ఉలవలు స్ఫురించును. అచ్చట చలికాలమున కాయధాన్యములను ఉడికించి పెట్టెడివారు. వారమునకొకసారి పావు సేరు ఉప్పు. పచ్చగడ్డి కాలము రాగానే మొదటి మూడు దినములు ధాన్యము పూర్తిగా మాని, పిదప 6 సేర్ల ధాన్యము, 2 సేర్ల బెల్లము ఇచ్చెడివారు. మేత మార్పు గుఱ్ఱమునకు ప్రమాదకరమని ఎఱిగినవారి విధానమిది.

అర్థశాస్త్రములోని అశ్వాధ్యక్ష ప్రకరణము ఉత్తమాశ్వమునకు రెండు ద్రోణముల ధాన్యము విధించి, మధ్యమాధమములకు క్రమముగా పాదము చొప్పున తగ్గించినది. అచ్చటి తరతమములు గుఱ్ఱపు దేహప్రమాణమును బట్టి ఏర్పడినవి. ఐనె అక్బరీలో నేయి, చక్కెరల వంతు గుఱ్ఱము వెల ఎన్ని మొహరీలో దానిని బట్టి నిర్ణయమగును. నేటి పశువైద్యులు శరీరపు తూకములో నూటికి 1½ నుండి 2½ వంతుల ఎండుమేతను ప్రమాణముగా గ్రహింతురు. ఈ విషయమున కౌటిల్యుడే గుఱ్ఱమునకు న్యాయము చేసినాడనవలెను. అయితే అబుల్ ఫజల్ లెక్కకు వెనుక దండన కూడ కలదు. ఖాసా గుఱ్ఱము చనిపోయినచో దాని వెలలో మొహరీకి ఒక రూపాయి చొప్పున దరోగా చెల్లించవలెను. సైసులకు నెల జీతములో నాల్గవ వంతు కోత. దోషమెవరిదైనను ఆ కోత తప్పలేదు.

అబుల్ ఫజల్ దినమునకు 22 సేర్ల ఆహారము భుజించెడివాడని 18వ శతాబ్దిలో దక్కనులో షానవాజ్ ఖాన్ రచించిన ‘మఆసిరుల్ ఉమరా’ చెప్పుచున్నది. మూడు ఖాసా గుఱ్ఱముల దాణాకు అర సేరు తక్కువ! వినికిడి మాటయే కాన నమ్మనక్కఱలేదు.

1599లో అతనిని దక్కనుకు పంపినారు. 1601లో అసీర్‌గఢ్ పట్టుబడినది. మఱుసటి సంవత్సరము సలీము తిరుగుబాటు వలన అక్బరు అతనిని వెనుకకు పిలిపించినాడు. సైన్యమును కుమారుని వద్ద విడిచి, కొలదిమందితో గుఱ్ఱముపై బయలుదేరినాడు. సలీము ప్రేరణచే వీరసింహ బుందేలా దారి కాచినాడు. తప్పించుకొనుమని తోడివారు చెప్పినను వినలేదు. 1602 ఆగస్టులో గ్వాలియరు సమీపమున అతడు హతుడైనాడు. శిరస్సు అలహాబాదునందున్న సలీముకడకు పోయినది. మొండెమును ఆంత్రీ గ్రామమున పూడ్చినారు.