అప్పు చేసి బజారు వేసిన మేయరు

బళ్లో సోషల్ పాఠంలో నెవిల్ చాంబర్లెన్ పేరు మనమంతా చదువుకున్నాం. హిట్లర్‌తో మ్యూనిక్ ఒప్పందం చేసుకున్న బ్రిటన్ ప్రధాని ఆయన. ఆయన తండ్రి జోసెఫ్ చాంబర్లెన్ సంగతి మాత్రం నేను మునిసిపాలిటీ లెక్కల విభాగంలో ఉద్యోగం చేసే రోజుల్లోనే తెలుసుకున్నాను. ఊరు అప్పు చేయడమంటే ఏమిటో నాకు బాగా బోధపరిచింది ఆయన జీవితమే.

జోసెఫ్ 1836లో లండన్‌లో పుట్టారు. 16 ఏళ్లకే చదువు ఆగిపోయింది. 1854లో బర్మింగ్‌హామ్ వెళ్లి, మేనత్త భర్త నడిపే స్క్రూల ఫ్యాక్టరీలో చేరి, బాగా సంపాదించారు. 1874లో వ్యాపారం వదిలేశారు. పిల్లలందరికీ ఉచితంగా చదువు చెప్పాలని ఉద్యమం నడిపినవారిలో ఆయన ముఖ్యులు.

1873లో మేయరయ్యారు. ఊళ్లోని రెండు గ్యాస్ కంపెనీలను, ఆ తర్వాత నీటి కంపెనీని నగరం చేత కొనిపించారు. గ్యాస్‌కు అయిన సొమ్మే 20 లక్షల పౌండ్లకు దగ్గర. అంతా అప్పే. అయితే గ్యాస్ మీద వచ్చే లాభం ఊరికే చేరాలనీ, నీటి మీద మాత్రం లాభం చూసుకోకూడదనీ ఆయన పట్టుబట్టారు.

అసలు సాహసం ఊరి నడిబొడ్డున జరిగింది. 1875లో వచ్చిన చట్టం మురికివాడలను కొని పడగొట్టే అధికారాన్ని నగరాలకిచ్చింది. దాని కింద సుమారు 90 ఎకరాలకు పథకం వేశారు. అప్పు తెచ్చి స్థలాలు కొని, 1878లో కార్పొరేషన్ స్ట్రీట్ పని మొదలుపెట్టారు. వెడల్పాటి ఆ వీధికి రెండు వైపులా దుకాణాలు లేచాయి. స్థలాలను మాత్రం అమ్మలేదు. 75 ఏళ్ల లీజుకిచ్చారు. ఏటా అద్దె వస్తుంది, గడువు తీరాక స్థలం, దాని మీది కట్టడం ఊరివే అవుతాయి. మొదటి సంవత్సరాల్లో వడ్డీ భారం పన్ను కట్టేవాళ్ల మీదే పడింది. 1950లలో లీజులు ముగిసి ఆ ఆస్తి నగరానికి దక్కేనాటికి ఆయన లేరు.

దీనికి రెండో వైపూ ఉంది. పడగొట్టిన ఇళ్లలో ఉన్నది పేదలు. వాళ్లకు బదులుగా కట్టించిన ఇళ్లు బహు తక్కువ. చాలామంది పక్క పేటల్లో, అప్పటికే కిక్కిరిసిన ఇళ్లలో తలదాచుకోవలసి వచ్చింది. లెక్కల పుస్తకంలో ఈ ఖర్చు ఎక్కడా కనబడదు.

1876లో ఆయన పార్లమెంటుకు వెళ్లారు. తర్వాత వలసల మంత్రిగా సామ్రాజ్యాన్ని గట్టిగా సమర్థించారు. వలసపాలనలో బతికిన దేశం వాళ్లం కనుక, ఆ పాత్రను మనం మెచ్చుకోలేం. కాలేజీ మెట్లెక్కని ఆయన 1900లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి తొలి ఛాన్సలర్ అయ్యారు. 1906లో పక్షవాతం వచ్చింది. 1914లో కన్నుమూశారు.

మన విద్యార్థుల్లో కౌన్సిలర్లయినవారున్నారు, ఇంజనీర్లున్నారు, మెయిన్ బజారులో దుకాణాలున్నవారూ ఉన్నారు. బజారు బాగుకు అప్పు తేవాలనే తీర్మానం మీ ముందుకొస్తే రెండు ప్రశ్నలు వేయండి. అప్పు తీరాక ఊరి చేతిలో ఏం మిగులుతుంది? ఇప్పుడు ఆ చోట ఉన్నవాళ్లు ఎక్కడికి పోతారు? చాంబర్లెన్ మొదటిదానికి మంచి జవాబు చెప్పగలిగారు. రెండోదానికి చెప్పలేకపోయారు.