కొవ్వొత్తితో సైన్సు చెప్పిన కమ్మరి కొడుకు

మైకేల్ ఫారడే పేరు మనందరం ఫిజిక్స్ పుస్తకంలో చదివిందే. డైనమోకు, ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆధారమైన విద్యుదయస్కాంత ప్రేరణను 1831లో కనిపెట్టింది ఆయనే. కానీ ఆయన పిల్లలకు పాఠం చెప్పడంలో కూడా దిట్ట అని చాలామందికి తెలియదు.

ఫారడే 1791 సెప్టెంబర్ 22న లండన్ దగ్గర ఒక పేద కమ్మరి ఇంట్లో పుట్టారు. చదవడం, రాయడం, కాస్త లెక్కలు, బడిలో నేర్చుకున్నది అంతే. 14 ఏళ్లకే పుస్తకాలు బైండింగ్ చేసే షాపులో పనికి కుదిరారు. అక్కడికి బైండింగ్‌కు వచ్చిన పుస్తకాలే చదివి, చేతిలో ఉన్న కొద్ది డబ్బుతో సామాను కొని, వాటిలోని ప్రయోగాలు చేసి చూసేవారు.

1812లో షాపుకు వచ్చే ఒకాయన టికెట్లు ఇవ్వడంతో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విన్నారు. విన్నదంతా రాసుకుని, బొమ్మలు వేసి, తనే బైండు చేసి డేవీకి పంపారు. 1813లో అక్కడే ప్రయోగశాల సహాయకుడిగా చేరారు. అదే ఏడాది డేవీ దంపతుల వెంట యూరప్ వెళ్లినప్పుడు డేవీ భార్య ఆయనను నౌకరులాగే చూశారు. ఆ అవమానం భరించలేక ఒక దశలో సైన్సు వదిలేసి ఇంటికి వెళ్లిపోదామనుకున్నారు. కానీ వదల్లేదు.

ఒకప్పుడు టికెట్టు మీద వచ్చి కూర్చున్న హాలులోనే 1827 నుంచి 1860 వరకు 19 సార్లు క్రిస్మస్ సెలవుల్లో పిల్లలకు ఉపన్యాసాలు ఇచ్చారు. వాటిలో కొవ్వొత్తి పాఠాలు ప్రసిద్ధం. 1861లో అవి పుస్తకంగా వచ్చాయి. ఉప్పు ముద్ద అడుగున రంగు ఉప్పునీళ్లు పోసి, అవి పైకి పాకడం చూపించి, కరిగిన మైనం వత్తిలోకి ఎలా ఎక్కుతుందో చెప్పారు. మంట పైన చల్లని పాత్ర ఉంచి, దాని అడుగున పట్టిన నీటి చుక్కలు చూపించారు. కొవ్వొత్తి నుంచి వచ్చే వాయువు, మనం వదిలే ఊపిరి రెండూ సున్నపు తేటను పాలలా మారుస్తాయి. మన ఒంట్లోనూ అలాంటి దహనమే నెమ్మదిగా జరుగుతోందని పిల్లలకు అలా తెలియజెప్పారు.

రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి ఇస్తామన్నా వద్దన్న ఫారడే 1867 ఆగస్టు 25న కన్నుమూశారు.

తమ్ముళ్లూ, ల్యాబులో సామాను లేదని సైన్సును బట్టీ పట్టకండి. ఈసారి కరెంటు పోయినప్పుడు వెలిగించిన కొవ్వొత్తిని, కరెంటు రాగానే ఊది, లేచే పొగకు వెంటనే వెలుగుతున్న అగ్గిపుల్ల చూపించండి. పుల్ల వత్తికి తగలకుండానే మంట పొగ వెంట దిగి వత్తిని అంటుకుంటుంది. ఫారడే కూడా పిల్లలకు ఇది చూపించారు. అసలు మండుతున్నది వత్తా, మైనమా, పొగా? సారును అడిగే ముందు మీలో మీరు మాట్లాడుకోండి.