తల్లి చెప్పిన అర్థం

గాంధీ మహాత్ముని నిరాడంబర జీవితాన్ని గూర్చి పాఠం చెప్పేటప్పుడు మనం తప్పక తలచుకొనే వస్తువులలో మేకపాలు ఒకటి. కొల్లాయిగుడ్డ, చేతికఱ్ఱ, రాట్నం, మేకపాలు అనగానే బాలుర మనస్సులో ఆయన రూపం నిలుస్తుంది. కాని మొదటి మూడింటికీ నాల్గవ దానికీ ఒక భేదం ఉన్నది. రాట్నాన్ని ఆయన గర్వంతో చేపట్టినారు. మేకపాలను తలవంచుకొని స్వీకరించినారు. సుమారు ముప్పది యేండ్లు సేవించినా, అది తన ఓటమి అనే భావం ఆయనను విడువలేదు. ఆ ఓటమి ఎట్టిదో తెలియవలెనంటే ఆయన పందొమ్మిదవ యేట తల్లికి ఇచ్చిన మాటను, అంతకు ముందు రాజకోటలో ఒక ఏటి ఒడ్డున జరిగిన విందును తెలుసుకోవలె.

మోహనదాసు 1869 అక్టోబరు 2వ తేదీన పోరుబందరులో వైష్ణవ కుటుంబంలో జన్మించినాడు. గుజరాతు దేశంలో జైనుల ప్రభావం మెండు. అక్కడి వైష్ణవులకు మాంసమంటే ఉన్న ఏవగింపు మఱెక్కడా కనబడదు. తల్లి పుత్లీబాయి వ్రతాలకు పెట్టినది పేరు. ఒక చాతుర్మాస్యంలో సూర్యదర్శనం కానిదే భోజనం చేయనని ఆమె నియమం పట్టినది. వానకాలపు మబ్బులలో సూర్యుడు తొంగిచూడగానే పిల్లలు పరుగున వెళ్ళి తల్లికి చెప్పేవారు. ఆమె బయటికి వచ్చేసరికి మళ్ళీ మబ్బు కమ్మేది. భగవంతుడు ఈ పూట అన్నం వద్దన్నాడులే అన్నట్లుగా, ఏ విచారమూ లేకుండా ఆమె తిరిగి పనిలో పడిపోయేది. పిల్లవాడు దానిని చూస్తూ పెరిగినాడు.

ఆ పిల్లవాడే రాజకోటలో చదువుకొనే రోజులలో రహస్యంగా మాంసం తిన్నాడు. తెల్లవారి దొరతనమంతా మాంసభోజనం మహిమే నని ఆ కాలపు బడిపిల్లల నోట ఒక చాటువు ఆడుతూ ఉండేది. దేహబలం గల ఒక స్నేహితుడు దానినే నూరిపోసినాడు. దేశం బాగుపడవలెనంటే మాంసం తినక తప్పదని మోహనదాసు నమ్మినాడు. ఏటి ఒడ్డున ఏకాంతస్థలంలో మేకమాంసం, రొట్టె వడ్డించుకొన్నారు. ఆ మాంసం తోలువలె సాగినది, మింగుడు పడలేదు. ఆ రాత్రి తన కడుపులో మేక బ్రతికి అరుస్తున్నట్లు కలగని ఉలిక్కిపడి లేచినాడు. అయినా ఒక యేడాది కాలంలో అయిదారు విందులు జరిగినవి. మానుకొన్నది మేకమీది జాలిచేత కాదు. విందునాటి రాత్రి ఆకలి లేదని తల్లితో బొంకవలసి వచ్చేది. ఆ బొంకు భరించలేక మానినాడు. తల్లిదండ్రులు గతించిన తరువాత స్వతంత్రుడనై బాహాటంగా తినవచ్చునని వాయిదా వేసుకొన్నాడు కూడా. ఈ సంగతిని మన పాఠ్యపుస్తకాలు తరచుగా దాటవేస్తవి. దాటవేయరాదు. ఆయన శాకాహారానికి పునాది మొదట సత్యమే గాని భూతదయ కాదు.

1888లో బారిష్టరు చదువుకు సీమకు పోవలెనన్నప్పుడు తల్లి భయపడినది. మోధు వణిక్కులలో పుట్టి జైన సన్యాసి అయిన బేచర్జీ స్వామి సమక్షంలో మద్యం, మాంసం, స్త్రీ అనే మూడింటినీ ముట్టనని ప్రమాణం చేసిన మీదటనే ఆమె అనుమతించినది. సెప్టెంబరు 4న బొంబాయిలో ఓడ ఎక్కినాడు.

ఓడలో చాకూ ముల్లూ పట్టుకొనడం తెలియదు. ఏ వంటకంలో మాంసం ఉన్నదో అడుగుటకు ధైర్యం చాలదు. ఇంటినుండి తెచ్చుకొన్న మిఠాయి, పండ్లతోనే కాలం గడిపినాడు. లండనులో కష్టం ఇంకా పెద్దది. ఉప్పూ కారమూ లేని ఉడికిన కూరలు సయించవు. రెండు మూడు రొట్టెముక్కలకు మించి అడుగుటకు సిగ్గు. ఒక స్నేహితుడు బెంథాము గ్రంథం చదివి వినిపించి, చదువురాని తల్లి ముందు చేసిన ప్రమాణానికి విలువ లేదని వాదించినాడు. వాదానికి ఎదురు వాదం ఈ యువకునికి తోచలేదు. తనకు అర్థం కాదనీ, మాట మాత్రం తప్పలేననీ చెప్పి ఊరుకొన్నాడు. అదే స్నేహితుడు ఒకనాడు హాల్బరన్ అనే గొప్ప భోజనశాలకు తీసికొనిపోయినాడు. మొదట సూపు వచ్చినది. అది దేనితో చేసినదని వడ్డించే మనిషిని పిలిచి అడుగబోగా స్నేహితునికి తల కొట్టేసినట్లయినది. మర్యాద తెలియకపోతే బయటికి పొమ్మన్నాడు. మోహనదాసు సంతోషంగా బయటికి వచ్చినాడు. దగ్గరలో ఉన్న శాకాహారశాల మూసి ఉన్నది. ఆ రాత్రి పస్తు.

తిరుగగా తిరుగగా ఫారింగ్డన్ వీథిలో ఒక శాకాహార భోజనశాల కనబడినది. లోపలికి పోయేముందు కిటికీలో హెన్రీ సాల్టు వ్రాసిన శాకాహార సమర్థన గ్రంథాన్ని చూచి షిల్లింగిచ్చి కొన్నాడు. సీమకు వచ్చిన తరువాత కడుపు నిండ తిన్నది ఆనాడే. అంతవరకు మాట కోసం మాంసం మానినవాడు, ఆ గ్రంథం చదివిన తరువాత ఇష్టపూర్వకంగా మానినాడు. భారతీయులంతా మాంసం తినవలెననే పూర్వపు కోరిక కూడా ఆనాటితో పోయినది.

ఇక అసలు చిక్కు ఇక్కడనుండి మొదలైనది. ఆంగ్లేయ శాకాహారులలో మాంసమనే మాటకు మూడు విధాలైన అర్థాలు వ్యవహారంలో ఉండేవి. పశుపక్ష్యాదుల మాంసమే మాంసమనీ, చేపలకు దోషం లేదనీ కొందరు. ప్రాణిమాంసమంతా నిషిద్ధమే గాని గుడ్లకు అభ్యంతరం లేదని మఱికొందరు. గుడ్లు, పాలు కూడా నిషిద్ధమేనని ఇంకొందరు. గుడ్డు తింటే ఏ ప్రాణికీ హాని లేదన్న వాదం విని గాంధీ కొద్దిరోజులు గుడ్లు తిన్నాడు. పక్షం తిరుగకముందే మానివేసినాడు. కారణం ఇది: ప్రమాణం చేయించినది తల్లి, ఆమె దృష్టిలో గుడ్డు మాంసమే.

సైంధవం అంటే ఉప్పు, గుఱ్ఱం కూడా. భోజనానికి కూర్చున్నవాడు సైంధవం తెమ్మంటే ఉప్పు తేవలె గాని గుఱ్ఱాన్ని లాక్కొని రారాదు. వక్త తాత్పర్యం తెలియనిదే వాక్యార్థం తెలియదని మన తార్కికులు ఈ ఉదాహరణతోనే బోధిస్తారు. గాంధీ తర్కశాస్త్రం చదువలేదు. కాని ప్రమాణం విషయంలో ఆయన తార్కికులకన్న ఒక అడుగు ముందుకు వేసినాడు. మాట పలికినవాని తాత్పర్యం కాదు, పలికించుకొన్నవారి తాత్పర్యమే ప్రమాణానికి అర్థమన్నాడు. రెండర్థాలు పొసగేచోట బలహీనుల పక్షాన ఉన్న అర్థాన్నే గ్రహించవలెనని నియమం పెట్టుకొన్నాడు. సముద్రానికి ఆవల, కొడుకు ఏమి తింటున్నాడో చూడలేని తల్లికన్న బలహీనురాలు ఎవరు? దాని ఫలితంగా శాకాహారశాలలో సైతం ప్రతి పిండివంటలో గుడ్డు కలిసినదా అని అడిగి తెలుసుకోవలసి వచ్చినది. ఎన్నో రుచులు పోయినవి.

ఆ రోజులలోనే ఆయన లండను శాకాహార సంఘ కార్యవర్గంలో చేరినాడు. బేస్ వాటరులో ఒక చిన్న సంఘం స్థాపించి సర్ ఎడ్విన్ ఆర్నాల్డును ఉపాధ్యక్షుణ్ణి చేసినాడు. సంతాననిరోధాన్ని సమర్థించిన డాక్టరు అల్లిన్‌సన్‌ను సంఘంనుండి తొలగించవలెనని ధనికుడైన అధ్యక్షుడు పట్టుపట్టినప్పుడు, అల్లిన్‌సన్ మతం తనకు నచ్చకపోయినా, శాకాహార సంఘంలో ఉండుటకు శాకాహారి అయితే చాలునని గాంధీ ఆయన పక్షం వహించి ఓడినాడు. 1891 జూన్‌లో స్వదేశానికి బయలుదేరేముందు మిత్రులకు శాకాహార విందు చేసినాడు. ఎక్కడనుకొన్నారు? హాల్బరన్ భోజనశాలలోనే.

తానొక్కడే ఆకలికి ఓర్చుకోవడం సులభం. భార్యాబిడ్డల ప్రాణాల మీదికి వచ్చినప్పుడు నియమం ఏమి కావలె? కొన్నేండ్లకు బొంబాయిలో పదేండ్ల మణిలాలుకు సన్నిపాత జ్వరం, దానితోబాటు న్యుమోనియా వచ్చినది. గుడ్లు, కోడిరసం ఇవ్వక తప్పదని పారసీ వైద్యుడన్నాడు. గాంధీ ఇవ్వనన్నారు. కుమారుని అభిప్రాయం అడిగితే అతడూ వద్దన్నాడు. కాని తాను ఇచ్చి ఉంటే పిల్లవాడు తినేవాడే నని గాంధీకి తెలుసు. ఆ మాట తన ఆత్మకథలో దాచకుండా వ్రాసినారు. కటిస్నానాలు, నారింజరసం, తడిదుప్పటి చుట్టుట, ఇవే చికిత్స. ఒక రాత్రి మరిగిపోతున్న ఒంటికి తడిదుప్పటి చుట్టి, తల్లికి అప్పగించి, రామనామం జపిస్తూ చౌపాటీ వైపు నడిచిపోయినారు. తిరిగి వచ్చేసరికి చెమట పట్టినది. బాలుడు బ్రతికినాడు. బ్రతుకకపోతే లోకం ఏమనేదో, తల్లి ఏమనేదో ఊహించుకోవలసినదే. ఫలితం మంచిదైనంత మాత్రాన ఆ రాత్రి తీసికొన్న నిర్ణయంలోని భయంకరత్వం తగ్గదని నా అభిప్రాయం.

దక్షిణాఫ్రికాలో కస్తూరిబాయి శస్త్రచికిత్స తరువాత క్షీణించినప్పుడు మాత్రం, గోమాంసపు రసం విషయంలో ఆమె ఇష్టమే తన ఇష్టమని ఆయన వైద్యునితో అన్నారు. వైద్యుడు అడుగకుండానే ఒకసారి ఇచ్చివేసినాడు కూడా. ఆమెను అడుగగా, చావనైనా చస్తాను గాని ముట్టనన్నది. సన్నని వానలో, కదలలేని స్థితిలో ఉన్న ఆమెను డర్బనునుండి ఫీనిక్సు ఆశ్రమానికి మోసికొనిపోయినారు. ఆ దేహం తినక తిప్పలుపడినది గాని ఆ మనస్సు చలించలేదు.

పాల సంగతి 1912లో వచ్చినది. కలకత్తా ప్రాంతంలో ఆవులనుండి చివరి చుక్కవరకు పిండుటకై చేసే క్రూరకృత్యాలను గూర్చి ఆయన చదివినారు. పాలు మనుష్యుని సహజాహారం కాదనీ, బ్రహ్మచర్యానికి విఘాతమనీ అంతకుముందే నమ్మకం ఉన్నది. టాల్‌స్టాయి క్షేత్రంలో మిత్రుడు కాలెన్‌బాకుతో కలిసి పాలు మానివేసినారు.

1918లో ఖేడా జిల్లాలో సైన్యానికి జనాన్ని చేర్చుతూ గాంధీజీ ఊరూరా తిరిగినారు. పాలుకూడా హింస అన్న మనిషి రైతులను యుద్ధానికి రమ్మనుట విచిత్రమే. ఆ వైరుధ్యం ఆనాడే పలువురిని కలవరపెట్టినది. వేరుసెనగముద్ద, నిమ్మకాయలతో ఈడ్చుకొస్తున్న దేహానికి జిగట విరేచనాలు పట్టుకొన్నవి. చావు తప్పదనుకొన్నారు. పొదిగినా పిల్ల కాని గుడ్లు నిర్దోషమని ఒక వైద్యుడు పత్రికల తునకలు చూపించినాడు. ఒప్పుకోలేదు. 1919లో బొంబాయిలో డాక్టరు దలాల్ శస్త్రచికిత్స చేసి, పాలు తాగనిదే దేహం నిలువదన్నారు. ఆవులనూ గేదెలనూ పెట్టే హింసకు రోసి వ్రతం పట్టినానని గాంధీజీ చెప్పుకొన్నారు. మంచం దగ్గర నిలబడి వింటున్న కస్తూరిబాయి చటుక్కున అడ్డు వచ్చి, అట్లయితే మేకపాలకు అభ్యంతరం ఏమని అడిగినది. వైద్యుడు అదే పట్టుకొన్నాడు. గాంధీజీ లొంగిపోయినారు. సత్యాగ్రహ సమరం జరుపుటకు బ్రతుకవలెననే ఆశ ఆయనను లొంగదీసినది.

వ్రతం పట్టినప్పుడు ఆయన మనస్సులో ఉన్నవి ఆవూ గేదే మాత్రమే. వక్త తాత్పర్యమే అర్థమైతే మేకపాలు నిర్దోషమే. లండనులో తీర్పు చెప్పుటకు తల్లి ఉన్నది. ఇక్కడ వ్రతం పట్టినదీ తానే, పట్టించుకొన్నదీ తానే. మఱొకరైతే ఊరట పొంది ఊరుకొనేవారు. గాంధీజీ తనకు అనుకూలమైన అర్థాన్ని ఉపయోగించుకొని, ఆ వెంటనే తనకు వ్యతిరేకంగా తీర్పు చెప్పుకొన్నారు. పాలు అంటే అన్ని జంతువుల పాలూ. అక్షరం నిలిచినది, ప్రాణం పోయినది. చిన్ననాడు హరిశ్చంద్ర నాటకం చూచి పరవశించినవానికి, ధర్మరాజు పలికిన కుంజరం మాట ఇంత దగ్గరగా వచ్చిపడినది.

దానినుండి బయటపడే దారి ఆయన వెదుకుతూనే ఉన్నారు. 1929లో ఆంధ్రదేశంలో పర్యటించినప్పుడు, రాజమహేంద్రవరంలో ప్రకృతి చికిత్సాలయం నడుపుతున్న గోపాలరావు గారు వండని ఆహారంతో జీవించడం చూచి, తానూ మొలకెత్తిన ధాన్యం, పచ్చి ఆకులు తినడం ఆరంభించినారు. పాలు వదలుకోవచ్చునన్న ఆశ. కొద్ది నెలలకే దేహం తిరుగబడినది. మళ్ళీ మేకపాలే గతి అయినవి.

1931 నవంబరు 20న లండను శాకాహార సంఘంలో ప్రసంగించినప్పుడు ఎనుబదియేండ్ల సాల్టు ప్రక్కన కూర్చున్నారు. ఆరోగ్యం కోసం శాకాహారులైనవారు చాలవరకు నిలువరనీ, దానికి నైతికమైన ఆధారం కావలెననీ అక్కడ చెప్పినారు. శాకాహారులు తిండినిగూర్చే మాట్లాడుతూ, తినేవారిని తక్కువగా చూచే అలవాటునూ హెచ్చరించినారు. 1942లో ఆగాఖాన్ భవన నిర్బంధంలో ఆరోగ్యాన్ని గూర్చి చిన్న పుస్తకం వ్రాసినప్పుడు, అనుభవంవల్ల పాలు లేనిదే శాకాహారం చాలదని తేలినదనీ, ఇది తన పూర్వాభిప్రాయానికి దూరమనీ ఒప్పుకొన్నారు. పాలు తాగేవారికి పిల్ల కాని గుడ్లు తినుటకు అభ్యంతరం ఉండరాదని కూడా అందులో వ్రాసినారు. 1918లో ప్రాణం పోతున్నా ఒల్లని గుడ్డు అది. లోకానికి ఆ వెసులుబాటు ఇచ్చినారు. తాను మాత్రం ముట్టలేదు.

1948 జనవరి 30వ తేదీ సాయంకాలం బిర్లా భవనంలో, ప్రార్థనకు వెళ్ళేముందు ఆయన తీసికొన్న ఆహారంలో ఉడికినవీ పచ్చివీ కూరగాయలు, నారింజలు, మేకపాలు ఉన్నవి.