ఘంటసాల వేంకటేశ్వరరావుగారి జీవితము

మన కృష్ణామండలమున, పూర్వపు దివి తాలూకాయందు, ఘంటసాల యను ప్రాచీనగ్రామము గలదు. అచ్చటి బౌద్ధస్తూపముచే నది చరిత్రజ్ఞులకు సుపరిచితము. అయినను తెలుగువారి యిండ్లలో ఘంటసాల యనినతోడనే స్మరణకు వచ్చునది యొక గాయకుని కంఠము. ఆ గ్రామనామమే యింటిపేరుగా గలిగి, గుడివాడ ప్రాంతమున జన్మించి, తాను తెరవెనుక నిలిచి తెరమీది పాత్రలకు జీవము పోసిన వేంకటేశ్వరరావుగారి చరిత్రమును మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును సంగ్రహముగా దెలుపదలచితిమి.

వేంకటేశ్వరరావుగారు 1922వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన గుడివాడ చేరువనున్న చౌటపల్లి గ్రామమున సూర్యనారాయణ, రత్తమ్మ దంపతులకు జన్మించిరి. తండ్రిగారు మృదంగము వాయించుచు తరంగములు పాడుచుండిరి. బాలుడు తండ్రివెంట బోయి, ఆ పాటకు దగినట్లు అడుగులు వైచి నర్తించుచు చూపరుల మన్నన లందుచుండెను. కాని యీ యానంద మెంతోకాలము నిలువలేదు. కుమారునకు పదునొకండవయేట తండ్రిగారు గతించిరి. అవసానకాలమున వారు సంగీతముయొక్క గొప్పదనమును కుమారునకు వివరించి, విద్వాంసుడవు కమ్మని కోరిరి. పేదరికము గల యా యింట బాలునకు దక్కిన పిత్రార్జిత మా కోరికయే యనవచ్చును. పిమ్మట మేనమామయైన పిచ్చిరామయ్యగారు కుటుంబము నాదుకొనిరి.

సంగీతము నేర్చుటకు గురువు కావలెను. గురువునొద్ద నుండుటకు కూడు కావలెను. బాలుడు సంగీత మెఱిగినవారి యిండ్లలో పనిపాటలు చేయుచు నేర్వజూచెను. పని మిగిలినది గాని కోరిన విద్య యబ్బలేదు. తుదకు తన యుంగరమును 8 రూపాయలకు అమ్మి విజయనగరమునకు బ్రయాణమయ్యెను. అచ్చటి సంగీత కళాశాల 1919లో స్థాపింపబడి పేర్గాంచినది. ఇతడు చేరునప్పటికి దానికి వేసవి సెలవులు. ఊరు క్రొత్త, చేత ధనము లేదు. ఆ నగరమున పట్రాయని సీతారామశాస్త్రిగారు అతనిని చేరదీసి విద్య చెప్పిరి. శాస్త్రిగారును పేదవారే. విద్య నీయగలిగిరి గాని దినదినము అన్నము పెట్టుట వారికి శక్యము గాకపోయెను. అందుచే శిష్యుడు జోలె భుజమున దగిలించుకొని, యింటింట మధుకరమెత్తి, ఆ యన్నముతో కడుపు నింపుకొని సాధన చేసెను. మధుకరము ఆ కాలపు పేదవిద్యార్థులకు క్రొత్త గాదు. అయినను గుమ్మము గుమ్మమున చేయి చాచి నిలువబడుటకు ఎంత యభిమానమును చంపుకొనవలయునో అనుభవించినవారికే తెలియును.

విద్య ముగించి స్వగ్రామమునకు మరలి, ఉత్సవములయందును వివాహములయందును పాడుచు, పిల్లలకు సంగీతపాఠములు చెప్పుచుండగా 1942లో క్విట్ ఇండియా యుద్యమము వచ్చెను. వేంకటేశ్వరరావుగారు అందు పాల్గొని 18 నెలలు అలీపురము చెఱసాలలో నుండిరి. 1944లో సావిత్రిగారిని వివాహమాడిరి. తరువాత సముద్రాల రాఘవాచార్యులవారి ప్రోత్సాహమున చెన్నపట్టణము చేరి, ఆకాశవాణిలో పాడుచు, చిత్రములలో బృందగానములకు గొంతు కలుపుచు, చిన్న వేషములు వేయుచు దినములు గడపిరి. స్వర్గసీమ చిత్రమున భానుమతిగారితో పాడు నవకాశము లభించెను. 1949లో వెలువడిన మనదేశము, కీలుగుఱ్ఱము చిత్రములకు వీరే సంగీతము గూర్చిరి.

ఇచ్చట నేపథ్యగానమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. మొదటి టాకీలలో నటులే పాడుకొనవలసియుండెను. పిమ్మట పాటను ముందుగా ముద్రించి, చిత్రీకరణవేళ దానిని వినిపించుచు, నటుడు పెదవులు కదల్చు పద్ధతి వచ్చెను. అప్పుడు పాత్రకు దేహ మొకరిది, కంఠ మింకొకరిది యగును. ఈ రెండును అతుకు గనబడకుండ కలియవలెను. గాయకుడు సుస్వరముగా పాడినంతనే చాలదు, కంఠముతో నటింపవలెను. వేంకటేశ్వరరావుగారి ఘనత యిచ్చటనే యున్నదని మా యభిప్రాయము. 1951 నాటి పాతాళభైరవిలో నందమూరి తారకరామారావుగారు ధరించిన తోటరాముని యుత్సాహమును, 1953 నాటి దేవదాసులో అక్కినేని నాగేశ్వరరావుగారు ధరించిన భగ్నహృదయుని వేదనయు ఆ గొంతే పలికెను. అయినను వినువారికి ఇద్దరు వేఱు మనుష్యులే తోచిరి. 1957 నాటి మాయాబజారులోని వెన్నెల నౌకావిహారమున ఒక్క పాటలోనే అభిమన్యునకును, శ్రీకృష్ణునకును ఆ కంఠమే యమరెను. రామారావుగారిది నిమ్మకూరు, నాగేశ్వరరావుగారిది గుడివాడ ప్రాంతము. దేహములు రెండును, కంఠమును మన కృష్ణామండలమునకు జెందినవే యగుట మనకు గర్వకారణము.

పద్యమునకును వీరు గొప్ప సేవ యొనర్చిరి. మైకులేని దినములలో నాటకరంగమున నటుడు కడపటి వరుసవానికి వినబడునట్లు ఎలుగెత్తి పాడవలెను. దీర్ఘమైన రాగాలాపనలో ఒక్కొక్కప్పుడు అర్థము మఱుగునపడుచుండెను. వీరు మైకునకు దగినట్లు గొంతు నణచుకొని, ఆలాపనను మితపఱచి, అర్థము చెడనిచోట పదము విఱిచి పాడిరి. కరుణశ్రీగారి పుష్పవిలాపము వీరి గొంతున గ్రామఫోను రికార్డుగా వెలువడగా, చదువురానివారుకూడ పద్యముల రుచి యెఱిగిరి.

1960 నాటి శ్రీ వేంకటేశ్వర మాహాత్మ్యమున దేవుని యెదుట పాడు భక్తుడుగా వీరే తెరమీద గనబడిరి. 1970లో పద్మశ్రీ బిరుదము లభించెను. 1971లో ఐరోపా, అమెరికా దేశములలో పర్యటించి కచేరీలు చేసిరి. తుదిదినములలో ఆరోగ్యము క్షీణించియున్నను భగవద్గీతా శ్లోకములను తెలుగు తాత్పర్యముతో పాడి రికార్డు చేయించిరి. 1974వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన చెన్నపట్టణమున పరమపదించిరి. అప్పటికి వారి వయస్సు 51 సంవత్సరములు మాత్రమే.

విద్యార్థులారా! మీలో కొందఱు ఇంట గంజి ద్రావి, మైళ్లు నడచి బడికి వచ్చుచున్నారని మే మెఱుగుదుము. ఫీజు చెల్లింప లేక చదువు మానుకొన దలచు తలిదండ్రులును గలరు. విజయనగరపు వీధులలో జోలెతో నిలిచిన బాలునకు పిడికెడన్నము పెట్టిన గృహిణుల పేళ్లు ఏ గ్రంథమునను లేవు. అయినను ఆ యన్నమే పాటయై యాంధ్రదేశమంతట వినబడినది. పేదవాడయ్యు విద్య దాచుకొనని గురువును, ఆకలికి జంకని శిష్యుని, తలుపు తీసిన యా తల్లులను మఱువకుడు. మన బడిలో నెవ్వని చదువైనను కూటికొఱకు నిలిచిపోవునట్టి స్థితి వచ్చినపుడు, తలుపు తీయవలసినవారము మనమే.