ముట్టడి నడుమ పొలం కొన్న ప్రవక్త యిర్మీయా

హెబ్రీ ప్రవక్తలలో యిర్మీయాకు విలాప ప్రవక్త అనే పేరు స్థిరపడింది. కూలిన నగరాన్ని తలచుకుంటూ, చేతిపై తల ఆనించి కూర్చున్న వృద్ధునిగా డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ 1630లో ఆయనను చిత్రించాడు. అయితే ఇదే ప్రవక్త, శత్రుసేనలు నగరాన్ని చుట్టుముట్టి ఉన్న వేళ, తన స్వగ్రామంలో ఒక పొలాన్ని వెండి తూచి కొన్నాడు. ఆయన జీవితార్థం ఆ కన్నీటిలో ఎంత ఉందో ఈ క్రయంలోనూ అంతే ఉంది.

యెరూషలేముకు ఈశాన్యంగా కొద్ది కిలోమీటర్ల దూరంలో, బెన్యామీను గోత్రానికి చెందిన ప్రాంతంలోని అనాతోతు ఆయన ఊరు. తండ్రి హిల్కీయా. వారిది యాజక కుటుంబం. యూదా రాజు యోషీయా పాలన 13వ ఏట, అంటే క్రీ.పూ. 627 ప్రాంతంలో, యిర్మీయాకు ప్రవక్తగా పిలుపు వచ్చింది. తాను ఇంకా బాలుడినని, మాట్లాడే నేర్పు లేదని ఆయన వెనుదీశాడు. ఆ పిలుపులోనే ఆయనకు రెండు విధాలైన పనులు అప్పగించినట్లు ఆయన పేరిట ఉన్న గ్రంథం చెబుతుంది. పెల్లగించడం, పడగొట్టడం ఒకటి. కట్టడం, నాటడం మరొకటి. మొదటి పనికే ఆయన ఆయుష్షులో అధిక భాగం ఖర్చయింది.

అది సామ్రాజ్యాలు తారుమారవుతున్న కాలం. క్రీ.పూ. 612లో అష్షూరు రాజధాని నీనెవె పతనమైంది. 609లో మెగిద్దో వద్ద యోషీయా ఈజిప్టు రాజు చేతిలో మరణించాడు. 605లో కర్కెమీషు వద్ద బబులోను సేనలు ఈజిప్టును ఓడించాయి. చిన్న రాజ్యమైన యూదా ఈ రెండు శక్తుల నడుమ నలిగింది. దేవాలయం తమ నగరంలో ఉంది కనుక ఏ ఆపదా రాదని ప్రజలు నమ్మారు. అనాథలను, విధవలను, పరదేశులను పీడిస్తూ ఆలయంలో మొక్కితే ఫలం లేదని యిర్మీయా ఆలయ ద్వారం వద్ద నిలిచి హెచ్చరించాడు. ఆయన చెప్పిన మాటలను లేఖకుడు బారూకు గ్రంథపు చుట్టగా రాశాడు. రాజు యెహోయాకీము ఆ చుట్టను ముక్కలుగా కోయించి కుంపటిలో కాల్చివేశాడు. యిర్మీయా మరల చెప్పాడు. బారూకు మరల రాశాడు.

రానున్న విపత్తుకు సూచనగా ఆయన వివాహం చేసుకోకుండా ఉండిపోయాడు. యూదా పట్టణాల వీధుల్లో వధూవరుల సంబరం వినబడకుండా పోతుందని ప్రకటించిన వాని ఇంటిలోనే ఆ సంబరం లేకపోయింది.

క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును లొంగదీసుకుని, యువరాజు ప్రాయంలోనే సింహాసనమెక్కిన యెహోయాకీనును, వేలాది ప్రజలను చెరగా తీసుకుపోయాడు. చెర త్వరలోనే ముగుస్తుందని కొందరు ప్రవక్తలు వారికి ఆశ చూపారు. యిర్మీయా అందుకు భిన్నంగా లేఖ రాశాడు. అక్కడే ఇళ్లు కట్టుకోవాలని, తోటలు నాటాలని, పిల్లలకు పెళ్లిళ్లు చేయాలని, తాము నివసించే పరాయి నగరం క్షేమాన్ని కూడా కోరాలని సూచించాడు. నిరీక్షణ 70 ఏళ్లు సాగవచ్చని స్పష్టం చేశాడు.

సిద్కియా రాజు కాలంలో రెండవ ముట్టడి వచ్చింది. లొంగిపోవడమే ప్రాణరక్షణ అని చెప్పినందుకు అధికారులు యిర్మీయాను రాజద్రోహిగా చూసి బురద నిండిన గోతిలోకి దించారు. రాజభవనంలో పనిచేసే ఎబెద్మెలెకు అనే కూషీయుడు రాజును ఒప్పించాడు. తాళ్ల ఒరిపిడి తగలకుండా చంకల కింద పాతగుడ్డలు పెట్టుకొమ్మని చెప్పి, ఆయనను పైకి లాగించాడు.

ఆయన కారాగృహ ప్రాంగణంలో ఉన్న ఆ ముట్టడి రోజుల్లోనే పినతండ్రి కుమారుడు హనమేలు వచ్చి, అనాతోతులోని పొలాన్ని కొనుక్కొమ్మని కోరాడు. బంధువుల భూమి చేజారకుండా విడిపించుకునే హక్కు ఆనాటి ఆచారం. యిర్మీయా 17 షెకెళ్ల వెండి, అంటే సుమారు 190 గ్రాములు, త్రాసులో తూచి ఇచ్చాడు. సాక్షుల సంతకాలతో క్రయపత్రం సిద్ధమైంది. ముద్ర వేసిన ప్రతిని, వేయని ప్రతిని బారూకు చేతికిచ్చి, చిరకాలం నిలిచేలా మట్టికుండలో దాచమన్నాడు. నగరం శత్రువుల వశం కానుండగా ఈ క్రయం ఎందుకని ఆయన తన ప్రార్థనలో దేవుణ్ణి అడిగాడు కూడా. ఆ దేశంలో మరల పొలాలు కొంటారు, పత్రాలు రాసుకుంటారు అన్నదే ఆయనకు దొరికిన సమాధానం.

ఆయన గ్రంథంలోని 30 నుంచి 33 వరకు గల అధ్యాయాలను ఆదరణ గ్రంథమని పండితులు వ్యవహరిస్తారు. అందులోని ఆనందానికి రాజవైభవంతో పనిలేదు. గుడ్డివారు, కుంటివారు, గర్భిణులు కూడా తిరిగి వచ్చే దారి, సమరయ కొండలపై నాటిన ద్రాక్షతోటలు, మందను లెక్కించుకునే కాపరి, యువతులతో పాటు వృద్ధులూ పాలుపంచుకునే నాట్యం, ఆగిపోయిన పెళ్లిసందడి తిరిగి వినబడటం అందులోని దృశ్యాలు. పోయినది ఏదో, తిరిగి రావలసినదీ అదే.

క్రీ.పూ. 586 ప్రాంతంలో యెరూషలేము కాలిపోయింది. మిగిలినవారు యిర్మీయా మాట కాదని, ఆయనను వెంటబెట్టుకుని ఈజిప్టులోని తహపనేసుకు తరలిపోయారు. ఆయన కథ ఆ పరాయి గడ్డపైనే ముగుస్తుంది. తాను కొన్న పొలంలో ఆయన పంట కోసిన దాఖలా గ్రంథంలో లేదు.

క్రీ.పూ. 539లో పారసీక రాజు కోరెషు బబులోనును జయించాడు. ఆ తరువాత చెరలోనివారికి స్వదేశానికి మరలే అనుమతి లభించింది. తిరిగివచ్చిన వారి జాబితాను బైబిలులోని ఎజ్రా గ్రంథం ఊరూరా లెక్కించి చెబుతుంది. అందులో అనాతోతు వారు 128 మంది.

యూదుల వివాహాలలో చదివే ఏడు దీవెనలలో చివరిదానికి మూలం యిర్మీయా వాగ్దానమే. ముంబైలోనూ, కొచ్చిలోనూ తరతరాలుగా నివసించిన యూదుల పెళ్లిళ్లలో సైతం ఆ దీవెన వినిపించింది. పెళ్లికి దూరమైన ఆ ప్రవక్త ఆశ, ఇన్ని శతాబ్దాల తరువాతా ప్రతి యూదుల పెళ్లి పందిరిలోనూ పలుకుతూనే ఉంది.