చక్రాల కుర్చీలో వైద్యురాలు: డాక్టర్ మేరీ వర్గీస్

రాయలసీమ వాసులకు రాయవేలూరు పరాయి ఊరు కాదు. పెనుకొండ నుండి చంద్రగిరికి, అటుపిమ్మట వేలూరుకు రాజధానిని మార్చుకొన్న ఆరవీటి రాజుల కాలంనాటి అనుబంధమది. గాండ్లపెంట, కదిరి ప్రాంతాలలో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే వేలూరుకు తీసుకొనిపోవడం నేటికీ కద్దు. చెట్టుపై నుండి పడియో, వాహన ప్రమాదంలోనో వెన్ను విరిగినవారికి అక్కడ కొత్త బ్రతుకు చూపిన వైద్యురాలు డాక్టర్ మేరీ వర్గీస్. ఆమె కూడా వెన్ను విరిగిన మనిషే కావడం విశేషం.

మేరీ వర్గీస్ 1925లో కేరళలోని కొచ్చిన్‌లో జన్మించారు. వేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాలలో వైద్యవిద్య పూర్తిచేసి, అక్కడనే వైద్యురాలిగా జీవితం ఆరంభించారు. 1954 జనవరిలో సహచరులతో విహారయాత్రకు వెళ్ళినపుడు వారి వాహనం బోల్తాపడింది. ఆమె ముఖానికి, వెన్నెముకకు తీవ్రమైన గాయాలైనాయి. ప్రాణం దక్కింది గాని నడుము క్రింది భాగంలో చలనం, స్పర్శ రెండూ పోయినాయి. ఇక నడవలేనన్న సత్యం ఇరవై ఎనిమిదేళ్ళ ఆ యువతికి క్రమంగా తెలిసివచ్చింది.

మెదడు ఆజ్ఞలను అవయవాలకు చేరవేసే రాజమార్గం వెన్నుపాము. చేతిలోనో, కాలిలోనో నరం తెగితే అది మెల్లగా తిరిగి పెరిగే అవకాశం ఉన్నది. వెన్నుపాములోని నాడీతంతువులకు ఆ శక్తి దాదాపు లేదు. పైగా స్పర్శ తెలియని చోట పడకపుండ్లు, మూత్రాశయ వ్యాధులు ప్రాణాంతకమవుతాయి. అందువలన ఆనాడు వెన్నుపాము దెబ్బతిన్నవారిలో చాలామంది మంచంమీదనే కృశించి మరణించేవారు.

అదే కళాశాలలో కుష్ఠురోగుల వంకరపోయిన చేతులను శస్త్రచికిత్సతో సరిదిద్దుతున్న డాక్టర్ పాల్ బ్రాండ్ ఆమెకు ఒక దారి చూపారు. ఆ చికిత్సను కూర్చొని చేయవచ్చును. ఆమె చేతులు చక్కగా ఉన్నాయి. నిరాశ నుండి తేరుకొన్న మేరీ చక్రాల కుర్చీలో శస్త్రచికిత్సాగారానికి చేరి ఎందరో రోగుల చేతులకు పనితనం తెచ్చారు. తాను నడవలేని మనిషి ఇతరుల వేళ్ళకు కదలిక నేర్పింది.

ఈ చికిత్సలో ఒక శాస్త్ర రహస్యం ఉన్నది. చచ్చుబడిన కండరం పని చేయించేందుకు ఆరోగ్యంగా ఉన్న మరొక కండరపు స్నాయుబంధనాన్ని క్రొత్త స్థానానికి మార్చి కుడతారు. అయితే కుట్టినంత మాత్రాన చాలదు. ఆ కండరం చేత క్రొత్త పని చేయించడం మెదడు నేర్చుకోవలె. మొదట రోగి ఒకటి తలచితే వేలు మరొకటి చేస్తుంది. వారాల తరబడి సాధన చేయగా తలపూ కదలికా ఒకటవుతాయి. కలిసి పనిచేసే నాడీకణాల నడుమ బంధం బలపడుతుందని కెనడా శాస్త్రవేత్త డొనాల్డ్ హెబ్ 1949లో ప్రతిపాదించారు. అనుభవాన్ని బట్టి నాడీమండలం తన్ను తాను మార్చుకొనే ఈ గుణమే నేడు న్యూరోప్లాస్టిసిటీగా ప్రసిద్ధమైనది. వెన్నుపాములో కొన్ని తంతువులైనా మిగిలినవారికి పదేపదే చేసే సాధన వలన కొంత చలనం తిరిగివచ్చుటకు ఆధారమిదే.

తనవంటి వారికి శస్త్రచికిత్స ఒక్కటే చాలదని మేరీ గ్రహించారు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో కొంతకాలం ఉండి స్వతంత్రంగా జీవించడం నేర్చుకొన్నారు. అనంతరం న్యూయార్కులో డాక్టర్ హోవార్డ్ రస్క్ సంస్థలో పునరావాస వైద్యశాస్త్రం అభ్యసించారు. 1960వ దశకం తొలి సంవత్సరాలలో వేలూరుకు తిరిగివచ్చి ఆ శాస్త్రానికి ప్రత్యేక విభాగాన్ని నడిపారు. 1966లో అక్కడ రోగులు వసతి ఉండి శిక్షణ పొందే పునరావాస సంస్థ ఏర్పడింది. పడకపుండ్లు రాకుండా ఒత్తిగిలడం, చేతుల బలంతో మంచం నుండి కుర్చీలోకి మారడం, ఊతకర్రలతో నిలబడడం, జీవనోపాధికి పనికివచ్చే వృత్తి నేర్వడం అక్కడి పాఠాలు. కుటుంబ సభ్యులకు సైతం శిక్షణ తప్పనిసరి. ఏలయన రోగి తిరిగి వెళ్ళవలసినది పల్లెలోని తన ఇంటికే గదా!

ఆమె సేవలకు గుర్తింపుగా 1972లో భారత ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారాన్ని ప్రదానం చేసింది. 1986 డిసెంబరులో ఆమె కన్నుమూశారు. వెన్నుపాముకు విద్యుత్ప్రేరణ, దానికి తోడుగా కఠోరసాధన పొందిన కొందరు రోగులు అడుగులు వేయగలిగినట్లు 2018లో అమెరికా, స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు వెల్లడించారు. ఆ శుభవార్త వినే భాగ్యం మేరీకి కలుగలేదు.

ఆమె కాళ్ళకు చలనం చివరి వరకు రాలేదు. అయినను ఆమె ఓడిపోలేదు. పోయిన దానిని తలచుకొని కాలం గడపక, మిగిలిన దానితో ఏమి చేయవచ్చునో వెదకిన వివేకం ఆమెది. కోలుకొనడమంటే మునుపటి శరీరాన్ని తిరిగి పొందడం మాత్రమే కాదు, ఉన్న శరీరంతో నలుగురికి ఉపయోగపడే జీవితాన్ని నిర్మించుకొనడమని మేరీ వర్గీస్ చరిత్ర బోధిస్తున్నది.