కళాతపస్వి ఆనంద కుమారస్వామి

ప్రాచీన శిల్పాలను, చిత్రాలను సేకరించి భద్రపరచడంతోనే ప్రదర్శనశాల కర్తవ్యం ముగియదని, వాటి అంతరార్థాన్ని ప్రజలకు బోధించినప్పుడే అది సార్థకమవుతుందని విశ్వసించి, ఆ విశ్వాసానికే జీవితాన్ని అంకితం చేసిన మనీషి డాక్టర్ ఆనంద కెంటిష్ కుమారస్వామి. అమెరికాలోని బోస్టన్ లలితకళా ప్రదర్శనశాలలో ముప్పై సంవత్సరాలపాటు సేవలందించి, భారతీయ కళకు పాశ్చాత్య లోకంలో గౌరవస్థానం సంపాదించిపెట్టిన ఘనత ఆయనది.

కుమారస్వామి 1877 ఆగస్టు 22న కొలంబో నగరంలో జన్మించారు. తండ్రి సర్ ముత్తు కుమారస్వామి పేరెన్నికగన్న తమిళ న్యాయవాది. తల్లి ఎలిజబెత్ బీబీ ఆంగ్ల వనిత. రెండేళ్లయినా నిండకముందే, 1879లో, తండ్రిని కోల్పోయిన ఆ బాలుడు ఇంగ్లండులో తల్లి సంరక్షణలో పెరిగాడు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో భూగర్భశాస్త్రం, వృక్షశాస్త్రం అభ్యసించి 1900లో పట్టభద్రుడయ్యాడు. సిలోన్ ఖనిజ సర్వేక్షణ శాఖకు 1903 నుండి 1906 వరకు డైరెక్టరుగా వ్యవహరించి, థోరియనైట్ అనే ఖనిజాన్ని గుర్తించాడు. ఆ పరిశోధనలకు లండన్ విశ్వవిద్యాలయం డాక్టరేటు పట్టాను ప్రసాదించింది.

శాస్త్రవేత్తగా ఉజ్జ్వల భవిష్యత్తు ఎదుట నిలిచిన ఆ తరుణంలోనే ఆయన జీవితం మలుపు తిరిగింది. రాళ్లను పరీక్షిస్తూ పల్లెపల్లెకూ తిరిగిన కుమారస్వామికి, విదేశీ వస్తువుల వెల్లువలో కొట్టుకుపోతున్న గ్రామీణ హస్తకళలు కనిపించాయి. తరతరాల నైపుణ్యం గల నేతగాళ్లు, కమ్మరులు, దంతపుపని వారు నిరాదరణకు గురవుతున్న దృశ్యం ఆయన హృదయాన్ని కలచివేసింది. ఆ వేదన నుండి పుట్టినదే మధ్యయుగ సింహళ కళను గురించి 1908లో వెలువడిన బృహద్గ్రంథం. దానిలోని ఛాయాచిత్రాలు అధికభాగం ఆయన భార్య ఎథెల్ తీసినవే.

అనంతరం ఆయన దృష్టి భారతదేశంపై నిలిచింది. 1910-11లో అలహాబాదులో జరిగిన మహా ప్రదర్శనంలో కళావిభాగాన్ని నిర్వహించారు. ఉత్తరభారతమంతటా పర్యటించి, అప్పటికి విద్వాంసుల దృష్టికి అంతగా రాని రాజపుత్ర, పహాడీ చిత్రాలను ఎన్నింటినో సేకరించారు. ఈ దేశంలోనే ఒక జాతీయ కళాప్రదర్శనశాల వెలయాలని, తన సేకరణ దానికి చెందాలని ఆయన కోరుకున్నారు. కాని అందుకు తగిన ధనసహాయం లభించలేదు. ఆనాటి ఆ నిరాదరణ ఫలితంగా ఆ అపురూప చిత్రసంపద సముద్రాలు దాటవలసివచ్చింది.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, పరాధీనంగా ఉన్న భారతజాతి పక్షాన నిలిచి, బ్రిటిష్ సైన్యంలో చేరడానికి ఆయన నిరాకరించారు. 1917లో బోస్టన్ ప్రదర్శనశాల ఆయనను భారతీయ కళావిభాగాధిపతిగా ఆహ్వానించింది. డెన్మన్ రాస్ అనే కళాపోషకుడు ఆయన సేకరణను కొనుగోలు చేసి ఆ సంస్థకే సమర్పించాడు. అక్కడ కుమారస్వామి ఒక్కొక్క వస్తువునూ పరిశీలించి, కాలం, శైలి, ప్రతిమాలక్షణాలు నిర్ణయిస్తూ విపులమైన సూచీగ్రంథాలు వెలువరించారు. 1918లో శివతాండవ తత్త్వాన్ని వివరించే వ్యాససంపుటిని, 1927లో భారతీయ, ఇండోనేషియా కళాచరిత్రను ప్రచురించారు. బుద్ధప్రతిమకు మూలం గ్రీకు శిల్పమేనన్న పాశ్చాత్య పండితుల వాదాన్ని ఎదుర్కొని, ఈ నేలపై వెలసిన యక్షప్రతిమల సంప్రదాయంలోనే దాని మూలాలున్నాయని సోదాహరణంగా వాదించారు.

ఆయన కృషిలో తెలుగువారికీ భాగమున్నది. నందికేశ్వరుని అభినయదర్పణాన్ని ఆయన ఆంగ్లంలోకి అనువదించినప్పుడు సహానువాదకులు మరెవరో కాదు, తరువాత 1921లో చీరాల-పేరాల ఉద్యమానికి సారథ్యం వహించిన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారే. వారిరువురి అనువాదానికి ఆధారం తెలుగు లిపిలో అచ్చయిన ప్రతి కావడం మరింత సంతోషకరం. 1917లో అమెరికాలో ప్రచురితమైన ఆ గ్రంథం మన నాట్యశాస్త్ర సంప్రదాయాన్ని పాశ్చాత్య పాఠకులకు పరిచయం చేసింది.

ప్రదర్శనశాలలోని విగ్రహాన్ని ఒకనాడు ప్రజలు పూజించారని, పాత్రను నిత్యజీవితంలో వాడుకున్నారని చూపరి గ్రహించాలని కుమారస్వామి ఉద్బోధించారు. కేవలం కంటికి ఇంపుగా ఉన్నదని మెచ్చుకొని సాగిపోవడం ఆయనకు సమ్మతం కాదు. ఆ వస్తువును ఎవరు, ఎందుకు, ఏ భావనతో రూపొందించారో తెలుసుకోవడమే నిజమైన కళావిద్య అని ఆయన అభిప్రాయం. ఇందుకోసమే సంస్కృతం, పాళీ, గ్రీకు, లాటిన్ భాషల మూలగ్రంథాలను జీవితాంతం మథించారు.

1947 ఆగస్టులో భారతదేశం స్వతంత్రమైంది. అదే నెలలో డెబ్భయ్యవ జన్మదినం జరుపుకున్న కుమారస్వామి, ఉద్యోగం విరమించి భారతదేశానికి తరలివచ్చి, శేషజీవితాన్ని ఆధ్యాత్మిక చింతనలో గడపాలన్న సంకల్పాన్ని మిత్రులకు తెలియజేశారు. ఆ సంకల్పం నెరవేరలేదు. సెప్టెంబరు 9న, స్వాతంత్ర్యం వచ్చిన ఇరవై అయిదు రోజులకే, బోస్టన్ సమీపంలోని స్వగృహంలో ఆయన పరమపదించారు.

మాతృభూమికి వేల మైళ్ల దూరాన నివసిస్తూ కూడా దాని విద్యను, కళను శ్రద్ధగా అధ్యయనం చేసి లోకానికి అందించిన ఈ మహనీయుని చరిత్ర విద్యార్థినీ విద్యార్థులకు ఆదర్శప్రాయం. ప్రదర్శనశాలకు వెళ్లినప్పుడు ఒక్క శిల్పం ఎదుటనైనా నిలిచి, దానిని చెక్కిన అజ్ఞాత శిల్పి మనోభావాన్ని తెలుసుకొనే ప్రయత్నం చేయడమే ఆయనకు మనం అర్పించగల నివాళి.